మేఘాల కొండ దగ్గర బేరం

అంబాజీపేట కొట్ల వీధిలో పుట్టి పెరిగినవాళ్ళలో నేను చేసినంత గొప్ప బేరం ఇంకెవరూ చెయ్యలేదని ఎవరి ముందైనా చెప్పగలను. హైస్కూల్లో చదువుకునే రోజుల్లో ఒక దసరా సెలవులకి, లారీ ముందు సీట్లో కూర్చుని కొండలు చూసొచ్చే వంతు నాకొచ్చింది. ఆ వంతు మా పెదనాన్నగారబ్బాయి భద్రానికి అమ్మేసేను. బదులుగా దీపావళి దాకా గల్లాపెట్టె వెనక కూర్చునే వంతు వాడి దగ్గర పుచ్చుకున్నాను. కొసరుగా వాడి ఫౌంటెన్ పెన్ను కూడా లాగేను. కొండంటే ఏముంది, రాయీ మట్టీ. ఈ ఏడు కాకపోతే పై ఏడు, అక్కడే పడుంటుంది. గల్లాపెట్టె అలా కాదు. ఒకసారి దాని వెనక కూర్చున్నవాణ్ణి వీధి వీధంతా ఇంకోలా చూస్తుంది. ఆ వయసులో ఇంత ముందుచూపు ఎంతమందికుంటుంది చెప్పండి. ఆ ముందుచూపు పుణ్యాన, డెబ్బై ఏళ్ళకి దగ్గర పడేదాకా నేను కొండ అనేది దగ్గర్నించి చూడలేదు.

భద్రం ఈ ఏడు వానలకి ముందు పోయేడు. నిద్రలోనే, ఒకరి చేత చేయించుకోకుండా వెళ్ళిపోయేడు. ఆఖరికి అందులోనూ వాడిదే మంచి బేరం. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పందిట్లో కుర్చీలు దగ్గరికి లాక్కుని అందరూ వాడి గురించి చెప్పుకోవడం మొదలెట్టేరు. వాడి వ్యాపారం సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. అందరూ వాడి కొండల కబుర్లే చెప్పేరు. ఘాట్ రోడ్డు మీద మేఘం లారీలోకి దూరి వాడి ఒళ్ళో కూర్చున్న కథ ఒకాయన చెబితే, అది అలా కాదండి, ముందు డ్రైవరు ఒళ్ళో కూర్చుందిట అని ఇంకొకాయన దిద్దేరు. ఆయ్, అదే నిజం అని మూడో ఆయన తలూపేరు. తమ్ముణ్ణయి ఉండి ఆ పందిట్లో నేను ఏడవలేదు, కుళ్ళుకున్నాను. రేపు నేను పోతే వీళ్ళు ఏం చెప్పుకుంటారా అని ఆలోచించేను. చిల్లర సరిగ్గా ఇచ్చేవాడండి పాపం, అంటారు. ఇంటికొచ్చి చొక్కా విప్పి వంకీకి తగిలిస్తుంటే మా ఆవిడ రాజ్యం వెనక నుంచి మెల్లిగా అంది: "బావగారు కూడా వెళ్ళిపోయేరు. ఆ కొండలేవో నాకు మీరు చూపిస్తారా, లేకపోతే ఆయన చెప్పిన దాంతోనే సరిపెట్టుకోమంటారా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకు తగిలిందో చెప్పాలంటే మా పాత కొట్టు తలుపులు తియ్యాలి. అవి మడత తలుపులు కావు, విడి చెక్కలు. పొద్దున్నే నాన్నగారు ఒక్కో చెక్కా గాడిలోంచి పైకెత్తి తీసి గోడకి ఆనించేవారు. ఆఖరి చెక్క తీసేసరికి పెదనాన్నగారు స్నానం చేసి వచ్చి తక్కెడకి దణ్ణం పెట్టుకునేవారు. చెక్కలు తీయగానే రాత్రంతా లోపల మగ్గిన వాసన ఒక్కసారి వీధిలోకి వచ్చేది: ఎండుకొబ్బరి జిడ్డు వాసన, చెమ్మెక్కిన బెల్లం దిమ్మల వాసన, వాటి మధ్య ఎక్కడో ఇంగువ. లోపలి గుమ్మంలో పీట మీద మామ్మ కూర్చునేది. మామ్మకి చూపు బాగా మందగించింది కానీ ముక్కు మాత్రం కాటా అంత ఖచ్చితం. సంచీ మూతి విప్పి దగ్గర పెడితే, ఇది పల్లపు అల్లం, ఇది కొండ అల్లం అని చెప్పేసేది. అసలు మా కోనసీమలో పెరిగిన పిల్లలకి కొండ అనే మాట సరుకు పేరు ముందు తగిలించే మాటే. కొండ అల్లం, కొండ పసుపు, కొండ చీపురు. మా దేశమంతా బల్లపరుపు. ఎత్తంటే ఏటిగట్టు, ఇంకా ఎత్తంటే కొబ్బరిచెట్టు. పునాదికి రాయి కావాలన్నా ఎక్కడి నుంచో లారీలో దిగాల్సిందే.

ఏటా దసరా రోజుల్లో పెదనాన్నగారు లారీ మాట్లాడి కొబ్బరీ, ఉప్పూ, బెల్లం ఎత్తించి పాడేరు వైపు సంతలకి వెళ్ళేవారు. వచ్చేటప్పుడు అల్లం, పసుపు, కుంకుడుకాయలు తెచ్చేవారు. లారీ ముందు సీట్లో పిల్లల్లో ఒక్కరికే చోటు. ఆయన లేని రోజుల్లో నాన్నగారు తూకం చూసుకునేవారు కాబట్టి గల్లా దగ్గర కూడా పిల్లల్లో ఒకరికి చోటుండేది. ఆ ఏడు లారీ వంతు నాది, గల్లా వంతు భద్రానిది.

బేరం విషయంలో మాకు గురువు నాన్నగారే. సంతకి తీసుకెళ్ళి నేర్పేవారు. ధర తెగనప్పుడు వాదించకూడదు. సరుకు కింద పెట్టేసి నడిచి వెళ్ళిపోవాలి. వెళ్ళిపోతూ వెనక్కి తిరక్కూడదు. అమ్మేవాడు ఒకసారి పిలుస్తాడు. ఆ పిలుపుకీ తిరక్కూడదు, అది వాడి మొహమాటపు పిలుపు. రెండోసారి పిలుస్తాడు చూడండి, అందులో ధర దిగి ఉంటుంది. అప్పుడు తిరగాలి. "మొదటి పిలుపుకి తిరిగినవాడు కొట్టు పెట్టకూడదురా, ఉద్యోగం చూసుకోవాలి" అనేవారు. భద్రం రెండు అడుగులు వెయ్యకుండానే తిరిగిపోయి, పోనీ లెండి మీరూ బతకాలి కదా, అని అడిగినంతా ఇచ్చేసేవాడు. నేను మాత్రం మెడ బిగించి నడిచేవాణ్ణి. వంకాయల వాళ్ళూ తోటకూర వాళ్ళూ నన్ను రెండోసారి పిలిచి పిలిచి అలిసిపోయిన రోజులున్నాయి.

భద్రం పెరట్లో నూతి దగ్గర నా చెయ్యి పట్టుకుని లారీ సీటు నాకిచ్చెయ్యరా అని అడిగినప్పుడు నేను చేసిందీ అదే. గల్లా వంతు ఇస్తానన్నాడు. మాట్లాడకుండా నడిచేను. ఒరేయ్ అని పిలిచేడు. నడిచేను. పెన్ను కూడా ఇస్తానురా అన్నాడు. తిరిగేను. సంగతి తెలిసి నాన్నగారు మీసాల్లో నవ్వుకుని, వీడు బతికేస్తాడే, అని అమ్మతో అన్నారు. లారీ బయల్దేరుతుంటే భద్రం కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ చెయ్యి ఊపేడు. నేను గల్లా వెనక నుంచి లేవలేదు. గల్లా దగ్గరున్నవాడు ఊరికే లేవకూడదని తెలుసు నాకు.

వాడు తిరిగొచ్చింది మధ్యాహ్నం పూట. లారీ ఆగీ ఆగకుండానే దూకేడు. ఒక చేత్తో సీతాఫలాల బుట్ట, మెడకి ఎవరిదో కంబళి ముక్క. మామ్మ వాణ్ణి దగ్గరికి లాక్కుని తల వాసన చూసింది. పొగా, తడి ఆకులూ అంది. ఏం తోచిందో, నేను కూడా వెళ్ళి తల ముందుకు పెట్టేను. "నీది కొబ్బరినూనేరా" అంది మామ్మ. అందరూ నవ్వేరు. అప్పుడు మొదలైంది నా జబ్బు.

ఆ సాయంత్రం నుంచి భద్రం కొట్టు అరుగు మీద కూర్చుని చెప్పడం, వీధి చేరి వినడం. ఘాట్ రోడ్డు మీద తాము వచ్చిన దారే కింద ఎవరో పారేసుకున్న తాడులా కనిపించడం, మేఘం ఒళ్ళో కూర్చోవడం, నీళ్ళు ఆకాశంలోంచి పడుతున్నాయా అన్నట్టుండే జలపాతం కింద నిలబడితే చెవులు పనిచెయ్యకపోవడం. చెప్పినకొద్దీ పెరిగేది కానీ తగ్గేది కాదు. నేను గల్లా వెనక నుంచి తప్పులు పట్టేవాణ్ణి. నిన్న మూడు మలుపులన్నావు, ఇవాళ నాలుగంటున్నావేంట్రా అనేవాణ్ణి. నా మాట ఎవరికీ పట్టేది కాదు. ఎదురుగా బట్టల కొట్టు వారమ్మాయి రాజ్యం కుంకుడుకాయలకని వచ్చి అరుగు చివర నిలబడిపోయేది. మేఘం ఒళ్ళోకొచ్చే చోట ఆ పిల్ల నోరు కొంచెం తెరుచుకునేది. కళ్ళు భద్రం మీద ఉండేవి కావు, వాడు చూపిస్తున్న చోట ఉండేవి. నేను గొంతు పెంచి, అవునుగానీ అక్కడ అల్లం ధర ఎంత పలికింది, అని అడిగేను. "అడగలేదురా. మేఘాలు చూస్తూ ఉండిపోయేను" అన్నాడు భద్రం. రాజ్యం నవ్వింది. ఆ నవ్వు వాడి మీద కాదు, నా ప్రశ్న మీద. చిల్లర ఇస్తే నా మొహం చూడకుండానే తీసుకుని వెళ్ళింది.

పెద్దయ్యాక ఆ రాజ్యాన్నే నాకిచ్చి చేసేరు. గల్లా దగ్గర కుదురుగా కూర్చునే కుర్రాడని వాళ్ళ నాన్నగారు ముచ్చటపడ్డారట. చూసేరా, నా బేరం ఎంత దూరం గిట్టుబాటయ్యిందో. కానీ భద్రం సంతలకి వెళ్ళడం మానలేదు. పెదనాన్నగారి తర్వాత వాడే వెళ్ళేవాడు. లాభం తేవడం తక్కువ, కబుర్లు తేవడం ఎక్కువ. వచ్చిన మర్నాడు మా ఇంటికి కాఫీకి వచ్చేవాడు. రాజ్యం గ్లాసు అందించి గుమ్మంలో చతికిలబడేది, బావగారూ ఈసారి ఏం చూసేరు అని. నోరు కొంచెం తెరుచుకునేది. నేను ఆవిడకి పట్టుచీర తెచ్చేను, రాళ్ళ గాజులు తెచ్చేను, అన్నీ గట్టి బేరాలే. చీర మడత విప్పి చూసి, బాగుందండీ, అనేది. నోరు మూసుకునే అనేది.

కొండలకి తీసుకెళ్ళమని ఆవిడ ఏటా అడిగేది. సీజన్లో రేట్లు మండిపోతాయి, సీజన్ పోయాక చూద్దాం అనేవాణ్ణి. సీజన్ పోయాక, ఇప్పుడక్కడ ఏముంటుంది ఎండిపోయి, అనేవాణ్ణి. అసలు సంగతి అది కాదు. ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్తే ప్రతి మలుపులోనూ భద్రమే ఉంటాడని నా భయం. పెద్దకర్మ నాడు ఆవిడ అడిగాక ఇంక తప్పించుకోలేకపోయేను. పోయినవాడి మీద కూడా ఓడిపోవడం నాకు చేతకాలేదు.

చలి మొదలవ్వగానే అమలాపురంలో కారు మాట్లాడుకుని బయల్దేరేం. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేం. భద్రం అబద్ధాలాడతాడని ఇన్నేళ్ళూ నేను పెట్టుకున్న ఆశ ఒకటుంది. అది రెండో మలుపులో పోయింది. కింద దారి నిజంగానే పారేసుకున్న తాడులా ఉంది. ఇప్పుడా దారి పక్కన గుడారాల అద్దె బోర్డులూ, నూడుల్స్ బళ్ళూ, బొంగులో చికెన్ పొగా ఉన్నాయి; మలుపు మలుపుకీ కుర్రాళ్ళు ఫోను కర్రకి కట్టి మొహాలు దానికి చూపిస్తున్నారు. వాడు చూసిన కొండల్లో ఇవేవీ లేవు కదా, ఖాళీ కొండ మొత్తం వాడొక్కడికీ దొరికింది కదా అని అదొక కుళ్ళు. నేను గైడులాగా బోర్డులన్నీ పైకి చదివి చెప్తున్నాను. రాజ్యం అద్దం దించుకుని ఊఁ కొడుతోంది. జలపాతం దగ్గర ఆపి నీళ్ళ దాకా చెయ్యి పట్టుకుని దింపేను. తుంపర మొహాన పడుతుంటే, "బావగారు చెప్పింది ఇదేనేమోనండీ, చెవులు పనిచెయ్యట్లేదు" అంది. నా చెవులు బాగానే పనిచేసేయి, అందుకే ఆ మాట వినపడింది.

ఇంక నాకు మిగిలింది ఒక్కటే. పాడేరు దగ్గర కొత్తగా పేరొచ్చిన కొండ ఒకటుంది, మేఘాల కొండ అంటున్నారు. తెల్లారకముందే పైకి వెళ్ళి నిలబడితే లోయ నిండా మేఘాలు పాల సముద్రంలా పరుచుకుని, వాటి మీద సూర్యుడు లేస్తాడట. భద్రం సంతలు చేసే రోజుల్లో దాని పేరే ఎవరూ ఎత్తలేదు. వాడి కబుర్లన్నీ నాకు కంఠతా వచ్చు. అందులో ఈ కొండ లేదు. వాడు చెప్పనిది, నేను చూపించబోయేది ఇదొక్కటే. ఇక్కడైనా, ఒక్కసారైనా, నేను చూపిస్తే ఆవిడ నోరు తెరవాలి. లాడ్జిలో పడుకునే ముందు ఆవిడకి మేజోళ్ళు, శాలువా, మోకాళ్ళకి రాసుకునే నూనె అన్నీ నా చేత్తోనే సర్దేను. ఇంత హడావుడి పెళ్ళికి కూడా చెయ్యలేదు మీరు, అంది.

తెల్లవారుజామున జీపుల స్టాండు దగ్గరికి వెళ్ళేసరికి మంచు కురుస్తోంది. మనుషులంతా కోతిటోపీలూ దుప్పట్లూ కప్పుకుని ఒకేలా ఉన్నారు. బక్కపల్చటి కుర్రాడొకడు ఇద్దరికీ ఒక ధర చెప్పేడు. పెద్ద ధర కాదు. ఇక్కడ దేవుడు నా నోరు మూయించి ఉండాల్సింది. నేను సగానికి అడిగేను. వాడు నవ్వి, "రేటు ఒకటే సార్. సూర్యుడు కూడా ఒక్కడే" అన్నాడు. మాట బాగుంది, కానీ మాట బాగున్నంత మాత్రాన ధర ఇచ్చేస్తామా. మరి కొంచెం పెంచేను. వాడు తల అడ్డంగా ఊపేడు. రాజ్యం నా మోచెయ్యి పట్టుకుని, ఇచ్చెయ్యండీ, టైమవుతోంది అంది. ఇవ్వాలనే అనుకున్నాను. కానీ కాళ్ళు అప్పటికే తిరిగిపోయేయి. యాభై ఏళ్ళు సంతల్లో నడిచిన కాళ్ళవి, నన్నడిగి నడవవు.

మెడ బిగించి టీ బండి వైపు నడిచేను. వెనక ఏవేవో మాటలు. గోదావరి యాసలో ఎవరో ఆడవాళ్ళు, మా జీపులో ఒక చోటుందండి పిన్నిగారూ రండి, అంటున్నారు. కొత్తపేట టీచర్లట, తర్వాత తెలిసింది. ఇంతలో రాజ్యం గొంతు.

"ఏవండీ!"

విన్నాను. స్పష్టంగా విన్నాను. అది మొదటి పిలుపు. మొదటి పిలుపుకి తిరక్కూడదు. రెండోది వస్తుంది, అందులో ధర దిగి ఉంటుంది, అని లోపల నాన్నగారు చెప్తున్నారు. రెండో పిలుపు కోసం చెవులు రిక్కించి ఇంకో నాలుగడుగులు వేసేను. జీపు స్టార్టయిన చప్పుడయింది. తిరిగి చూసేసరికి మంచులో ఎర్ర దీపాలు రెండు కొండ వైపు పోతున్నాయి. అడిగినంతా ఇస్తానని ఆ బక్క కుర్రాడి దగ్గరికి పరిగెత్తేను. వాడి జీపు కూడా నిండిపోయింది. ఆవిడ చెప్పమన్న మాట మాత్రం అప్పజెప్పేడు: "అమ్మగారు వెళ్తున్నారు సార్. మీ బేరం పూర్తి చేసుకుని రమ్మన్నారు."

వెలుగొచ్చేక జీపులు ఖాళీగా తిరిగొచ్చేయి. అప్పుడు నేనన్న ధరకే, ఇంకా కొంచెం తక్కువకే ఒకడు ఒప్పుకున్నాడు. గెలిచేను. జీపు దిగి రొప్పుకుంటూ నడిచి పైకి చేరేసరికి ఆకాశం శుభ్రంగా తుడిచిన గాజు సీసాలా ఉంది. లోయలో మడిచెక్కలూ, రేకుల ఇళ్ళూ, ఒక సెల్ టవరూ అన్నీ విడివిడిగా, లెక్కపెట్టుకోవడానికి వీలుగా కనిపిస్తున్నాయి. రాజ్యం ఒక రాతి మీద శాలువా కప్పుకుని కూర్చునుంది. నేనొచ్చింది చూడలేదు. పక్క నుంచి ఆవిడ మొహం చూసేను. నోరు కొంచెం తెరుచుకునే ఉంది. కుంకుడుకాయలకి వచ్చిన పిల్ల మొహం, అదే మొహం, తెల్ల జుట్టు కింద. నేను ఒక పూట ఆలస్యంగా వచ్చేను దానికి, అంతే.

పక్కన కూర్చున్నాను. ఎలా ఉందని అడిగేను. చెప్తాను, ఇప్పుడు కాదు అంది. ఉండబట్టలేక, అడక్కూడని మాట అడిగేను: "నేను గుర్తొచ్చేనా?"

ఆవిడ ఆలోచించింది. ఊరికే నన్ను సంతోషపెట్టడానికి ఆలోచించినట్టు లేదు, నిజంగానే వెతుక్కుంది. "లేదండీ" అంది. "అబద్ధమెందుకు. మీరు గుర్తు రాలేదు. బావగారు కూడా రాలేదు. ఎవరూ గుర్తు రాలేదు."

భద్రం కూడా రాలేదన్న మాట నేను రెండుసార్లు విన్నాను, ఒకసారి చెవితో, ఒకసారి ఛాతీలో. సంతోషపడాలి కదా. పడ్డాను, ఆ రాయి మీద ఎండ పడి వేడెక్కేదాకా. తర్వాత, వాణ్ణి కూడా మరిపించిందంటే అది ఏమై ఉంటుందో అని మొదలైంది. ఇన్నేళ్ళూ నా పక్కన, గల్లా పక్కన బతికిన మనిషి దగ్గర ఇప్పుడు నేను చూడనిది ఒకటుంది, అది అమ్మకానికి లేదు. మర్నాడు మళ్ళీ వద్దాం, వాడు అడిగినదానికి రెట్టింపిస్తాను అన్నాను. మోకాళ్ళు ఒప్పుకోవండీ, మీరు వెళ్ళి చూసి రండి, అంది. నేనొక్కణ్ణీ వెళ్ళి చూసి ఏం చేసుకోను. చూపించడానికి కదా వచ్చింది.

దిగేటప్పుడు ఘాట్ మీద ఒక కాఫీ బడ్డీ దగ్గర కారు ఆపించేను. అక్కడి తోటల కాఫీయే, పొగలు కక్కుతోంది. బల్ల మీద కూర్చుని రాజ్యం అప్పుడు చెప్పింది. భద్రంలా చేతులు తిప్పుతూ చెప్పలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కింద చూస్తూ, ముందు చీకటి, తర్వాత తెలుపు, ఆ తెలుపు కదలడం, దాని అంచు ఎర్రబడడం, పక్కనున్న టీచరమ్మ ఎందుకో ఏడవడం, అన్నీ వరసగా చెప్పింది. నేను తప్పులు పట్టలేదు. అయిపోయాక మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. చెప్పలేదు. మీకు బేరమాడే అలవాటు, రెండోసారి చెప్తే తగ్గిపోతుంది, అంది.

ఇంక చివరి లెక్క, దాపరికం లేకుండా. జీపు దగ్గర నేను మిగిల్చింది ఆ రెండు కాఫీలకీ సరిగ్గా సరిపోయింది. మేఘాల సముద్రం నేను చూడలేదు, విన్నాను, అదీ ఒక్కసారే. భద్రం పద్దు ఆ రాయి మీదే కొట్టేసేను. వాడి దగ్గర నాకు రావాల్సిందీ లేదు, వాడికి నేనివ్వాల్సిందీ లేదు. దాని కింద రాజ్యం పేరు ఎక్కింది. వాడి మీద కుళ్ళుకోవడానికి నాకు యాభై ఏళ్ళ పైన గడువు దొరికింది. దీనికి అంత గడువు లేదు. అందుకని రోజుకింత అని కాకుండా, కొంచెం ఎక్కువెక్కువే కుళ్ళుకుంటున్నాను.